ఉజ్జీవపు దేశములో ఒక పండుగ దినము

మన సంఘములలో ఉజ్జీవ కూటములు జరిగినప్పుడెల్లా ప్రసంగీకుల నోట వేల్సు దేశపు మాట రాక మానదు. 1904లో ఇవాన్ రాబర్ట్స్ అనే 26 ఏండ్ల యువకుడు, అంతకుముందు బొగ్గుగనిలో పని చేసినవాడు, తన ఊరి ప్రార్థన మందిరములో కొద్దిమందితో కూడి ప్రార్థించడము, ఆ అగ్ని దేశమంతా అంటుకోవడము, సారా దుకాణాలు వెలవెలబోవడము మనము చిన్ననాటి నుండి వింటున్న సంగతులే. గని పనివారు బూతులు మానేసేసరికి, ఆ బూతులకే అలవాటుపడిన గుర్రాలకు యజమానుల మాట అర్థము కాలేదని కూడా చెప్పుకుంటారు. ఆ గుర్రాల కథకు నవ్వని సంఘము మన జిల్లాలలో ఉండదేమో.

ఆ దేశపు ముఖ్య పట్టణమైన కార్డిఫ్‌లో నేను నర్సుగా పని చేస్తున్నాను. 2019లో నా చిన్ననాటి స్నేహితురాలు ఇక్కడికి వచ్చింది. హాస్టలులో నాకన్న రెండు తరగతులు పైన చదివింది కాబట్టి ఇప్పటికీ నాకు అక్కే. పల్నాడులో ఒక పల్లె సంఘములో పాస్టరమ్మగారు. లండనులో ఉన్న కూతురి పురుటికని వచ్చి, బిడ్డకు మూడు నెలలు నిండాక నాకు ఫోను చేసింది. "చెల్లీ, ఉజ్జీవము వచ్చిన దేశమును చూడకుండా ఇంటికి పోతే మా సంఘము నన్ను లోపలికి రానివ్వదు" అన్నది. ఫిబ్రవరి 28 సాయంత్రము బస్సు దిగింది. మరునాడే మార్చి 1, వేల్సు దేశపు జాతీయ దినము.

ఈ దినము పరిశుద్ధ దావీదు అనే దైవజనుని పేర జరుగుతుంది. మన రాజైన దావీదు కాదు. ఆరవ శతాబ్దములో ఇక్కడ సువార్త ప్రకటించి, మఠములు స్థాపించిన బిషప్పు. మార్చి 1న ప్రభువునందు నిద్రించాడని పరంపరగా చెబుతారు. వీరి భాషలో ఆయన పేరు దెవీ. పొద్దున్నే పాలు తేవడానికి వెళ్ళినప్పుడు కొట్టులోని అమ్మాయి "దీద్ గోయిల్ దెవీ హాపిస్" అని శుభాకాంక్షలు చెప్పింది. అక్క ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుని "దేవి అంటుందేమిటి చెల్లీ, ఇక్కడ కూడానా?" అన్నది. సంగతి చెప్పాక నవ్వింది గాని, నవ్వు ఆగగానే మరో ప్రశ్న వేసింది. "సరే, దావీదే అనుకో. పరిశుద్ధుల పండుగలు మనకెందుకు? మనము ప్రొటెస్టంటులము కాదా?"

ఈ ప్రశ్న మన పాఠకులలో చాలామందికి కలుగుతుంది గనుక నేను చెప్పిన జవాబు ఇక్కడ రాస్తాను. ఇక్కడి ప్రొటెస్టంటు సంఘములవారు దావీదుకు ప్రార్థన చేయరు, దీపము పెట్టరు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో, వాక్యము బోధించిన పెద్దలను జ్ఞాపకము చేసుకొమ్మని ఉన్నది కదా, ఆ వరుసలోనే ఆయనను తలుచుకుంటారు. ఆయన జీవిత చరిత్రను రిగివార్క్ అనే ఆయన రాసేసరికి దాదాపు ఐదు వందల యేండ్లు గడిచిపోయినవి. ప్రసంగిస్తుండగా ఆయన కాళ్ళ కింద నేల గుట్టగా లేచినదన్న మాట అందులోదే. అది నమ్మి తీరాలని ఎవరూ అడగరు. నాకైతే అందులో నచ్చిన సంగతి వేరొకటి. దావీదు మఠములో ఎడ్లను కట్టేవారు కారట. సన్యాసులే కాడి భుజాన వేసుకుని నాగలి లాగేవారట. దానియేలు వలె ఆయన ఆహారము కూడా రొట్టె, కూర ఆకులు, నీళ్ళే. మరణమునకు ముందు తన ప్రజలతో, సంతోషముగా ఉండమని, విశ్వాసము కాపాడుకొమ్మని, తన దగ్గర చూచిన చిన్న చిన్న పనులను చేస్తూ ఉండమని చెప్పాడట. ఆ చిన్న పనుల మాట ఇప్పటికీ ఈ దేశములో పిల్లల నోళ్ళలో కూడా ఉన్నది.

అక్క అంతా విని "కాడి లాగినవాడైతే మనవాడే" అన్నది. ఇక పట్టణములోకి బయలుదేరాము.

మార్చి 1 ఇక్కడ నేటికీ సెలవు దినము కాదు. బడులు ఉంటాయి. అయినా బస్సు నిండా పండుగే. ఆడపిల్లలు ఎర్ర శాలువలు కప్పుకుని, గంపలాంటి పొడవాటి నల్ల టోపీలు పెట్టుకున్నారు. మగపిల్లలు చొక్కాలకు పచ్చని ఉల్లికాడలు గుచ్చుకున్నారు. లీకు అంటారు దానిని. మన ఉల్లికాడకు పెద్దన్న, మణికట్టంత లావు ఉంటుంది. ఒక పిల్లవాడు బడికి చేరకముందే సగము నమిలేశాడు. పెద్దవాళ్ళు డాఫొడిల్ అనే పసుపు పువ్వు పెట్టుకుంటారు. వారి భాషలో ఆ పువ్వు పేరుకు పేతురు ఉల్లికాడ అని అర్థము. ఆ పేరు అక్కకు ఎంతో నచ్చి, ఊరికి వెళ్ళేదాకా దానిని పేతురు పువ్వనే పిలిచింది.

మొదట సిటీ హాలుకు తీసుకువెళ్ళాను. లోపల మెట్లెక్కితే పాలరాతి మందిరము ఒకటి ఉన్నది. వేల్సు జాతి మహనీయుల శిల్పములు 1916లో అక్కడ నిలిపారు. రాజులు, యోధులు ఉన్నారు. మధ్యలో దావీదు. అక్క యోధుల దగ్గర ఆగలేదు. పొడవాటి అంగీ తొడుక్కున్న ఒకాయన దగ్గర ఆగి "ఈ అయ్యగారెవరు?" అని అడిగింది.

ఆయన బిషప్ విలియం మోర్గన్. పెన్‌మాఖ్నో అనే కొండ ఊరి దగ్గర కౌలు రైతు ఇంట పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, హెబ్రీ గ్రీకు భాషలు నేర్చి, పల్లె సంఘములో కాపరిగా ఉంటూ బైబిలును వేల్సు భాషలోకి తెచ్చాడు. 1567లోనే క్రొత్త నిబంధన ఒకటి వచ్చి ఉన్నది. మోర్గన్ దానిని సవరించి, పాత నిబంధనతో కలిపి 1588లో సంపూర్ణ గ్రంథము అచ్చు వేయించాడు. ఇందులో ఒక వింత ఉన్నది. బైబిలును వేల్సు భాషలోకి మార్చమని 1563లో చట్టము చేసిన ఇంగ్లాండు ప్రభుత్వమే, ప్రతి గుడిలో పక్కన ఇంగ్లీషు బైబిలు కూడా పెట్టమన్నది. రెండిటినీ పోల్చి చూస్తూ జనులు ఇంగ్లీషు నేర్చుకుంటారని వారి ఆలోచన. జరిగినది మరొకటి. ప్రతి ఆదివారము సొంత భాషలో వాక్యము చదవడము విన్న జనులు ఆ భాషనే గట్టిగా పట్టుకున్నారు. రాజ్యము లేదు, కచేరీలో చోటు లేదు, పెద్ద బడులలో చోటు లేదు. గుడిలో మాత్రము ఆ భాషకు పీఠము దొరికింది. ఈ బైబిలే లేకపోతే వేల్సు భాష ఈపాటికి అంతరించేదని ఇక్కడి చరిత్రకారులు పలువురు రాశారు.

కొంచెము అవతల విలియం విలియమ్స్ శిల్పము ఉన్నది. 1717లో పుట్టిన కీర్తనకారుడు. అరణ్య ప్రయాణములో నడిపించుమని యెహోవాను వేడుకొనే ప్రసిద్ధమైన పాట ఆయనదే. పాట పేరు చెప్పగానే అక్క అక్కడే మెల్లగా రాగము తీసింది. మెట్ల దగ్గర ఉన్న కావలి మనిషి తల తిప్పి చూచి, తానూ కింది స్వరములో కలిశాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. నేను ఎన్నోసార్లు ఆ మందిరానికి వెళ్ళాను గాని అటువంటిది ఎప్పుడూ చూడలేదు.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు మేరీ జోన్సు మాట వచ్చింది. మన సండేస్కూలు కథలలో అందరికీ తెలిసిన పిల్ల. నేతపనివాని కూతురు. ఆరేండ్లు పైసా పైసా కూడబెట్టి, 1800లో పదిహేనేండ్ల ప్రాయమున బైబిలు కొనడానికి సుమారు 26 మైళ్ళు కొండదారిలో వట్టికాళ్ళతో బాలా అనే ఊరికి నడిచి వెళ్ళింది. అక్కడ దైవజనుడు తామస్ చార్లెస్ ఆమెకు గ్రంథము ఇచ్చాడు. అటువంటి పిల్లలు ఎందరో ఉన్నారన్న భారముతో ఆయనా మరికొందరూ పూనుకోగా 1804లో లండనులో బైబిలు సొసైటీ ఏర్పడింది. అక్క ముప్పై యేండ్లుగా ఈ కథ పిల్లలకు చెబుతున్నది.

"ఆ పిల్ల ఈ దేశపు పిల్లా!" అన్నది. "నేను ఇంగ్లీషు దొరసాని బిడ్డ అనుకున్నాను. అయితే ఆమె నడిచింది ఇంగ్లీషు బైబిలు కోసము కాదన్నమాట."

కాదు. తన ఇంటి భాషలో ఉన్న బైబిలు కోసము. ఇంగ్లీషు బైబిళ్ళకు అప్పుడు కొరత లేదు. ఆ సొసైటీ సహాయము తరువాత మన తెలుగు బైబిలు అచ్చుకు కూడా అందింది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన మిషనరీలు క్రాన్, దెగ్రాంజి గార్లు తెలుగు నేర్చి అనువాదము మొదలుపెట్టి, ఇద్దరూ కొద్ది యేండ్లలోనే కన్నుమూశారు. వారి వెనుక వచ్చిన ప్రిచెట్ గారి చేతి మీదుగా 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆమె సంచిలో, అంచులు నలిగిన ఆమె తెలుగు బైబిలు ఉన్నది. లండను నుండి తెచ్చుకున్నది.

మధ్యాహ్నము ఊరేగింపు చూచాము. నల్ల జెండా మీద పసుపు సిలువ, దావీదు జెండా. తెలుపు పచ్చల మీద ఎర్రని ఘటసర్పము, దేశపు జెండా. ఆ సర్పమును చూచి ప్రకటన గ్రంథము 12వ అధ్యాయము గుర్తు చేసుకుని అక్క ముఖము చిట్లించింది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇది వారి పాత గురుతు అని మాత్రము చెప్పాను. చివర అందరూ నిలబడి జాతీయ గీతము పాడారు. పాంటిప్రిడ్ అనే ఊరిలో తండ్రీ కొడుకులు 1856లో కట్టిన పాట అది. వీధిలో నిలుచున్న జనము, పోలీసుతో సహా, నాలుగు స్వరములుగా విడిపోయి పాడుతుంటే అక్క కళ్ళు తుడుచుకున్నది. మన మేఘాలయలోని ఖాసీ కొండలలో కూడా ఇదే రాగమునకు ఖాసీ మాటలు పెట్టి పాడుకుంటారు. 1841లో ఇక్కడి నుండి వెళ్ళిన మిషనరీ తామస్ జోన్స్ ఆ కొండలలో సువార్త ప్రకటించి, ఖాసీ భాషను ఇంగ్లీషు అక్షరములలో రాయడము నేర్పాడు.

పాట అయిపోగానే అక్క అడిగింది. "ఇప్పుడు ఆరాధన ఎక్కడ?"

హేయిస్ అనే వీధిలో టాబర్నాకల్ అనే వేల్సు భాషా బాప్తిస్టు మందిరము ఉన్నది. బయట నిలబడి చూపించాను. ఆదివారము అక్కడ ఇప్పటికీ వేల్సు భాషలోనే ఆరాధన జరుగుతుంది. కాని అక్కకు నేను చూపించవలసినవి ఇంకా ఉన్నవి, చూపించాలని లేదు. దారిలో ఆమే గుర్తుపట్టింది. మందిరము గోడ, మందిరము కిటికీలు, తలుపు మీద కట్టిన సంవత్సరము. లోపల భోజనశాల. మరొకటి వాటాలు వేసి ఇండ్లుగా అమ్మారు. "ఇవన్నీ ఉజ్జీవములో నిండినవేనా?" అన్నది. అవునన్నాను. 2021 జనాభా లెక్కలలో ఈ దేశములో క్రైస్తవులమని రాయించుకున్నవారు నూటికి 43.6 మంది, ఏ మతమూ లేదన్నవారు 46.5 మంది. ఆనాడు ఆ లెక్క ఇంకా రాలేదు గాని, తలుపులు చూస్తేనే తెలుస్తుంది.

ఆ సాయంత్రము మా పక్కింటి మామ్మగారు భోజనానికి పిలిచారు. ఎనభై దాటిన మనిషి, పుట్టుకతో వేల్సు భాష. పెట్టినది కౌల్. పేరు విని అక్క "పొలము కౌలా?" అన్నది. మాంసపు ఎముకలు, బంగాళాదుంపలు, ముల్లంగి వంటి దుంప, ఉల్లికాడలు వేసి గంటల తరబడి కాచిన పులుసు అది. కారము తగలలేదని అక్క నా చెవిలో చెప్పింది. తరువాత పెనము మీద కాల్చిన, ఎండుద్రాక్షలు వేసిన చిన్న తీపి రొట్టెలు. వాటిని మాత్రము అక్క లెక్కపెట్టకుండా తిన్నది.

మామ్మగారి మందిరములో ఆదివారము పదకొండు మంది. ఆవిడే అందరిలో చిన్నవారి లెక్క అని నవ్వుతూ చెప్పారు. "మీ సంఘములో ఎందరు?" అని అడిగారు. మూడు వందలు, పండుగలకు చాపలు బయట వేస్తామన్నది అక్క. నేను మాట మార్చి చెబుతుంటే మామ్మగారు చెంచా కింద పెట్టేశారు. "పిల్లలు కూడా వస్తారా? పాడతారా?"

"వస్తారు. పాడతారు" అన్నది అక్క. కాసేపాగి, నా వైపు తిరిగి, "ఇది కూడా చెప్పు" అన్నది. "మా పిల్లలు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని పాడతారు. అందరివీ ఇంగ్లీషు మీడియము బడులు. వాక్యము చదవమంటే తల దించుకుంటారు. మా సంఘములో పదిహేనేండ్ల లోపు వారిలో తెలుగు బైబిలు తడబడకుండా చదివేవారు నలుగురు. నా పెద్ద మనుమడు చదవలేడు."

పాస్టరమ్మగారు ఇంకొకరి ఎదుట ఈ మాట చెప్పడము సులువు కాదు. మామ్మగారికి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు నా గొంతు కూడా సరిగా రాలేదు.

మామ్మగారు తమ చిన్ననాడు విన్న సంగతి ఒకటి చెప్పారు. పందొమ్మిదవ శతాబ్దములో ఇక్కడ కొన్ని బడులలో వేల్సు భాష మాట్లాడిన పిల్లవాని మెడలో చెక్కముక్క కట్టేవారు. వాడు ఆ భాష మాట్లాడే మరొక పిల్లవానిని పట్టిస్తే చెక్క వాని మెడకు మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. వెంటనే అక్క, 2009లో మన కడప జిల్లాలో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీసిన సంగతి చెప్పింది. పత్రికలలో మనమంతా చదివినదే.

నేను తామస్ జోన్స్ గారిని గుర్తు చేసి, ఇంగ్లీషు అక్షరాలైతే మాత్రమేమి, ఖాసీలు వాటితోనే బైబిలు చదువుతున్నారు కదా అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "వాళ్ళ బైబిలు ఆ అక్షరాల్లోనే ఉంది. మా ఇంట్లో ఉన్నది తెలుగు అక్షరాల్లో ఉంది. వాడికి అది మూసిన పుస్తకమే" అన్నది. ఆమె మాటే సరి అని నాకు తోచింది.

మామ్మగారు తన సంగతి చెప్పారు. ముని మనుమరాలు వేల్సు భాషా బడిలో చదువుతున్నది. ఆ ఉదయము ఎర్ర శాలువతో దావీదు మీద పద్యము చెప్పి బహుమతి తెచ్చుకున్నది. మోర్గన్ బైబిలును ఆ పిల్ల ఏ పుట తీసినా చదవగలదు. మందిరములో అడుగు పెట్టి రెండేండ్లయింది. "నీ మనుమడు, నా ముని మనుమరాలు కలిస్తే ఒక విశ్వాసి అవుతాడు" అన్నారు ఆవిడ. అక్క నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

తరువాత గ్రిఫిత్ జోన్స్ మాట ఆవిడే ఎత్తారు. లాన్‌డౌరోర్ అనే పల్లెలో కాపరిగా ఉన్న ఈయన 1731 ప్రాంతములో తిరుగు బడులు మొదలుపెట్టాడు. పొలం పనులు తక్కువగా ఉండే కాలములో ఒక ఊరిలో మూడు నెలలు బడి. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు. నేర్పేది ఒక్కటే, సొంత భాషలో బైబిలు చదవడము. అక్కడ అయిపోగానే పంతులు మరొక ఊరికి. 1761లో ఆయన చనిపోయేనాటికి ఇటువంటి బడులు మూడు వేలకు పైగా నడిచినవి. 1904 ఉజ్జీవమునకు ముందు ఇంత దుక్కి జరిగిందని మన ప్రసంగీకులు ఎవరూ నాకు చెప్పలేదు. అక్క మూడు నెలలా, మూడు వారాలా అని రెండుసార్లు అడిగి, బైబిలు వెనుక అట్ట లోపల రాసుకున్నది.

లేచే ముందు ఇద్దరూ ప్రార్థన చేశారు. మామ్మగారు వేల్సు భాషలో, అక్క తెలుగులో. నన్ను అనువాదము చేయమని ఎవరూ అడగలేదు.

ఆ సంవత్సరము మే నెలలో అక్క తన బడి మొదలుపెట్టింది. మిరప పనులు అయిపోయాక, మూడు పేటలలో ఒక్కొక్క పేటలో మూడు వారాలు, సాయంత్రము ఆరు నుండి ఏడున్నర. మొదటి పేటలో ఇరవై మంది వచ్చి, వారము తిరిగేసరికి పదకొండు మంది మిగిలారు. కొందరు తల్లులు, ఇంగ్లీషు పాడవుతుందని పంపలేదు. 2020లో కరోనా వల్ల ఆగిపోయింది. 2022 వేసవిలో మళ్ళీ పెట్టింది. పాస్టరుగారు మొదట్లో ఇది సండేస్కూలు పనే కదా అన్నారు గాని, ఇప్పుడు వొత్తులు ఆయనే నేర్పుతున్నారు.

మామ్మగారు 2021లో ప్రభువునందు నిద్రించారు. ఆవిడ మందిరము ఆ మరుసటి యేడు మూతపడింది. అంత్యక్రియలలో వాక్యము చదివినది ఆ ముని మనుమరాలే. ఆ మాట అక్కకు ఫోనులో చెప్పాను.

మొన్న అక్క ఫోను చేసి, తన పెద్ద మనుమడు సంఘము ఎదుట 23వ కీర్తన చదివాడని చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడల్లా తానే కూర్చోబెట్టి నేర్పిందట. పదిహేడేండ్ల వాడు, మీసము వచ్చినవాడు. రెండవ వచనములో "పరుండజేయుచున్నాడు" అన్నచోట ఆగిపోయాడట. వెనుక నుండి ఎవరో అందించబోతే అక్క చెయ్యెత్తి ఆపిందట. మూడు వందల మంది మాట్లాడకుండా కూర్చున్నారట, వాడు ఒక్కొక్క అక్షరము కూడబలుక్కుని ఆ మాట పూర్తి చేసేదాకా.